నిన్న మూడో బిడ్డకు అనర్హత, ఇవాళ మూడో బిడ్డకు కానుక: ప్రజాప్రతినిధులూ, పునరుత్పత్తి హక్కులూ

2025 మార్చిలో మహిళా దినోత్సవం సందర్భంగా విజయనగరంలో సభ జరిగింది. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే తన జీతంలోంచి 50 వేల రూపాయలు డిపాజిట్ చేస్తానని, మగపిల్లాడు పుడితే ఆవునిస్తానని ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు ఆ రోజుల్లో ప్రకటించారు. వార్త జాతీయ పత్రికల దాకా వెళ్లింది.

ఆ సాయంత్రం టీవీలో అది చూసి మా మేనత్త చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె 2006లో వార్డు మెంబరుగా నిలబడదామనుకుంది. ఊళ్లో పదిమందీ ఒప్పుకున్నారు, కాగితాలు కూడా తయారయ్యాయి. తీరా చూస్తే ముగ్గురు పిల్లలున్నందుకు చెల్లదన్నారు. మూడో అమ్మాయి 1998లో పుట్టింది. "అప్పుడు మూడో గుంట ఉందని నన్ను వద్దన్నారు. ఇప్పుడు మూడో గుంటని కంటే ఆవిస్తామంటన్నారు. ఇందులో నన్నెవరైనా అడిగారా?" అంది చివరికి.

ఈ వ్యాసం ఆమె అడిగిన ఆ ప్రశ్న గురించే. పిల్లల్ని కనాలా, ఎప్పుడు కనాలి, ఎందర్ని కనాలి, వద్దనుకుంటే ఏం చేయాలి అనే విషయాల్లో చట్టం ఎక్కడుంది? ఎమ్మెల్యే, ఎంపీల చేతిలో నిజంగా ఏముంది? ఫలానా నాయకుడు మహిళల పక్షాన నిలబడ్డాడని అన్నప్పుడు దానికి ఆధారం ఎక్కడ దొరుకుతుంది? మన దగ్గర ఈ మూడూ కలగలిసిపోయి కనిపిస్తాయి. ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

పునరుత్పత్తి హక్కులంటే అబార్షన్ ఒక్కటే కాదు

మాట కొత్తగా ఉన్నా విషయం పాతదే. బిడ్డను కనడం, కనకపోవడం, ఇద్దరి మధ్య ఎడం పాటించడం, పిల్లలు పుట్టకుండా ఏ పద్ధతి వాడుకోవాలో తెలుసుకోవడం, గర్భం వద్దనుకుంటే ప్రాణానికి ముప్పు లేకుండా తీయించుకోవడం, కాన్పు సమయానికి ఆస్పత్రికి చేరడం, ఉద్యోగం పోకుండా ప్రసూతి సెలవు దొరకడం. వీటన్నిటినీ కలిపి పునరుత్పత్తి హక్కులు అంటున్నారు.

మన రాజ్యాంగంలో ఈ మాట ఎక్కడా లేదు. 21వ అధికరణం చెప్పే వ్యక్తిగత స్వేచ్ఛలోనే ఇది ఇమిడి ఉందని సుప్రీంకోర్టు 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో చెప్పింది. ఆ తీర్పులో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. బిడ్డను కనే హక్కూ, కనకూడదనుకునే హక్కూ రెండూ ఆ స్వేచ్ఛలో భాగమేనంది. ఈ సంగతి గుర్తుంటే తర్వాత వచ్చే చిక్కులు చాలావరకు విడిపోతాయి. "కనొద్దు" అని బలవంతం చేయడం ఎంత తప్పో "కనాల్సిందే" అని బలవంతం చేయడమూ అంతే తప్పు.

ఎంపీ చేతిలో ఏముంది, ఎమ్మెల్యే చేతిలో ఏముంది

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో అధికారాల పంపకం ఉంది. ఆస్పత్రులు, ప్రజారోగ్యం, పంచాయతీలు, మున్సిపాలిటీలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. అంటే అసెంబ్లీ పని. నేరాలకు సంబంధించిన చట్టం ఉమ్మడి జాబితాలో ఉంది. జనాభా నియంత్రణ, కుటుంబ నియంత్రణ కూడా ఎమర్జెన్సీ కాలంలో, 1976 నాటి 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వచ్చాయి. ఉమ్మడి జాబితాలోని విషయాల మీద పార్లమెంటూ, అసెంబ్లీ రెండూ చట్టం చేయవచ్చు. రెండూ ఢీకొంటే సాధారణంగా పార్లమెంటు చేసినదే నిలుస్తుంది.

ఆచరణలో దీనర్థం ఇది. అబార్షన్ ఎన్ని వారాల వరకు అనేది పార్లమెంటు నిర్ణయం. ముగ్గురు పిల్లలున్నవారు సర్పంచి కావచ్చా లేదా అనేది అసెంబ్లీ నిర్ణయం. పాలకొండ ఆస్పత్రిలో గైనకాలజిస్టు పోస్టు ఖాళీగా ఉంటే దాన్ని నింపాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. కాబట్టి ఒక ఎమ్మెల్యేను అబార్షన్ చట్టం ఎందుకు మార్చలేదని నిలదీస్తే ఆయన దగ్గర జవాబుండదు. అదే ఎమ్మెల్యేను నియోజకవర్గంలోని ఆస్పత్రిలో రాత్రిపూట కాన్పు ఎందుకు చేయడం లేదని అడిగితే ఉంటుంది, ఉండాలి కూడా.

అబార్షన్ చట్టం: వారాల లెక్క

మన దేశంలో అబార్షన్ నేరమా, హక్కా? ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు. చట్టం దీన్ని నేరంగానే మొదలుపెట్టి, తర్వాత తలుపు తెరిచింది. పాత శిక్షాస్మృతిలోని 312వ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 88వ సెక్షన్ అయింది. స్త్రీ ప్రాణం కాపాడడానికి కాకుండా గర్భస్రావం చేయడం నేరమని అది చెబుతుంది. దానికి మినహాయింపుగా 1971లో వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చింది. జనం, డాక్టర్లు దాన్ని ఎంటీపీ చట్టం అంటారు. అంతకుముందు, 1964లో ప్రభుత్వం వేసిన శాంతిలాల్ షా కమిటీ ఈ విషయాన్ని పరిశీలించి నివేదిక ఇచ్చింది. నాటు పద్ధతుల్లో కడుపు తీయించుకుని ఆడవాళ్లు చనిపోతుండడమే ఆ చట్టానికి ప్రధాన కారణం.

1971 చట్టం ప్రకారం 12 వారాల వరకు ఒక డాక్టరు, 20 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు సరేననాలి. 2021లో దాన్ని సవరించారు. ఇప్పుడు 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు కావాలి, అదీ కొన్ని పరిస్థితుల్లోనే. అత్యాచారానికి గురైనవాళ్లు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త చనిపోయినా విడాకులైనా ఆ స్త్రీలు, వికలాంగులు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు, బిడ్డకు తీవ్రమైన లోపాలున్నట్టు తేలినవాళ్లు, విపత్తుల్లో చిక్కుకున్నవాళ్లు ఈ కోవలోకి వస్తారు. 24 వారాలు దాటాక బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని రాష్ట్ర వైద్య బోర్డు తేల్చితేనే వీలవుతుంది. తల్లి ప్రాణం తక్షణం కాపాడాల్సి వస్తే మాత్రం ఈ వారాల పరిమితి అడ్డురాదు.

ఈ వారాలను ఎప్పటినుంచి లెక్కపెడతారో చాలామందికి తెలియదు. ఒకామెకు చివరిసారి నెలసరి జనవరి 5న మొదలైందనుకుందాం. గర్భం వయసును ఆ రోజు నుంచే లెక్కిస్తారు. మార్చి 9కి 9 వారాలు నిండుతాయి. మే 25కు 20 వారాలు, జూన్ 22కు 24 వారాలు. ఫిబ్రవరిలో నెల తప్పిందని ఆమె గమనించేసరికే చట్టం దృష్టిలో నాలుగు వారాలు గడిచిపోయాయి. ఇంట్లో చెప్పడానికి కొన్ని రోజులు, డబ్బు చూసుకోవడానికి కొన్ని రోజులు, ఒక ఆస్పత్రి వాళ్లు మరో ఆస్పత్రికి పొమ్మంటే ఇంకొన్ని రోజులు. 20 వారాలంటే చాలా కాలం అనిపిస్తుంది గానీ ఊరి నుంచి చూస్తే అంత కాదు.

భర్త సంతకం అనే అపోహ

మన ఉత్తరాంధ్ర తీరంలో తరచూ ఎదురయ్యే పరిస్థితి ఒకటి ఊహించి చూద్దాం. శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒకామె. భర్త గుజరాత్‌లోని వీరావల్‌లో బోటు మీద పనిచేస్తాడు, సముద్రంలోకి వెళితే రోజుల తరబడి ఫోను కలవదు. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఏడాది నిండలేదు. మళ్లీ నెల తప్పింది. తొమ్మిదో వారంలో ఆస్పత్రికి వెళితే మీ ఆయన సంతకం కావాలన్నారు. ఆయన వచ్చేసరికి పండగ. అప్పటికి ఎన్ని వారాలవుతాయి?

చట్టంలో భర్త సంతకం అనే మాటే లేదు. 18 ఏళ్లు నిండి, మతిస్థిమితం ఉన్న స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. అది 1971 నుంచీ ఉన్న మాటే. మైనరైతే, లేదా మానసిక అనారోగ్యం ఉంటే సంరక్షకుల సమ్మతి కావాలి. అంతే. అయినా చాలాచోట్ల భర్త సంతకం అడుగుతారు. రేపు ఆయనొచ్చి గొడవ చేస్తాడేమోనన్న డాక్టర్ల భయాన్ని నేను కొట్టిపారేయను, అలాంటి గొడవలు జరిగాయి కూడా. కానీ ఆ భయం ఖర్చు ఆమె మీద పడుతోంది.

2021 సవరణ మరో చిన్న మార్పు చేసింది. గర్భనిరోధక పద్ధతి విఫలమైన సందర్భంలో పాత చట్టం "వివాహిత, ఆమె భర్త" అనేది. కొత్త చట్టం "స్త్రీ, ఆమె భాగస్వామి" అంది. పెళ్లికాని స్త్రీలకూ దారి తెరుచుకుంది. అయితే 20 నుంచి 24 వారాల మధ్య వాళ్లకు వర్తిస్తుందా అనే సందేహం మిగిలింది. 2022 సెప్టెంబరు 29న జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం వర్తిస్తుందని తేల్చింది. భర్త బలవంతం వల్ల వచ్చిన గర్భాన్ని కూడా ఈ చట్టం వరకు అత్యాచారం వల్ల వచ్చినదిగానే చూడాలంది.

ఆ తీర్పులో మన జిల్లాలకు బాగా పనికొచ్చే అంశం ఇంకొకటుంది. ఇక్కడ చిన్న వయసు పెళ్లిళ్లు ఇంకా ఆగలేదు. 17 ఏళ్ల అమ్మాయి గర్భంతో ఆస్పత్రికి వస్తే, మైనర్లను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం డాక్టరు పోలీసులకు తెలియజేయాలి. ఆ భయంతోనే కుటుంబాలు ప్రభుత్వాస్పత్రికి రాకుండా దొంగచాటు మార్గాలు వెతుకుతాయి. అమ్మాయి గానీ సంరక్షకులు గానీ కోరితే, పోలీసులకు సమాచారమిచ్చేటప్పుడు ఆమె పేరు, వివరాలు చెప్పనక్కర్లేదని కోర్టు స్పష్టం చేసింది.

అభిప్రాయాలు చీలేది ఎక్కడ

2023 అక్టోబరులో ఒక వివాహిత సుప్రీంకోర్టుకు వెళ్లింది. అప్పటికే ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు తర్వాత మానసికంగా బాగా కుంగిపోయింది. పాలిస్తున్నందువల్ల నెలసరి రాలేదనుకుంది, గర్భమని తెలిసేసరికి 24 వారాలు దాటిపోయింది. (పాలిచ్చే తల్లికి గర్భం రాదని మన ఊళ్లల్లో ఎంతమంది నమ్ముతారో తెలిసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు.) మొదట కోర్టు అనుమతించింది. తర్వాత బిడ్డ బతికే అవకాశం ఉందని ఢిల్లీ ఎయిమ్స్ డాక్టరు ఒకరు తెలియజేశారు. విషయం మళ్లీ ధర్మాసనం ముందుకొచ్చింది. ఇద్దరు న్యాయమూర్తులు చెరొక మాట చెప్పారు. ఆమె మనసును, ఆమె నిర్ణయాన్ని గౌరవించాలన్నారు జస్టిస్ బి.వి. నాగరత్న. బిడ్డ గుండె చప్పుడును ఆపమని కోర్టు ఎలా చెబుతుందని జస్టిస్ హిమా కోహ్లి ప్రశ్నించారు. చివరికి ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అక్టోబరు 16న అనుమతి నిరాకరించింది.

మన దేశంలో ఈ చర్చ ఎంత కష్టమైనదో ఆ కేసు చూపిస్తుంది. మన చట్టం నిర్ణయాన్ని చివరికి డాక్టరు అభిప్రాయం మీద నిలబెట్టింది, స్త్రీ కోరిక మీద కాదు, అది మారాలి అనేది ఒక వాదన. బిడ్డ బయట బతకగలిగే దశకు చేరాక ఆ ప్రాణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి, వారాల పరిమితి అందుకే ఉంది అనేది రెండో వాదన. మత విశ్వాసం వల్ల అబార్షన్‌నే ఒప్పుకోనివాళ్లు కూడా మన మధ్య ఉన్నారు. వాళ్ల మాటకూ విలువుంది, వాళ్ల ఇంటి నిర్ణయం వరకు. పక్కింటి స్త్రీ విషయంలో మాత్రం అది చెల్లదనే నేను అనుకుంటాను.

అమెరికాలో ఉన్న మన పిల్లలు చెప్పే సంగతులతో దీన్ని కలపకూడదు. అక్కడ అబార్షన్‌ను రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పును 2022 జూన్‌లో వాళ్ల సుప్రీంకోర్టే కొట్టేసింది. అప్పటినుంచి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో చట్టం ఉంది. ఇక్కడ శ్రీకాకుళంలో ఒక చట్టం, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే మరో చట్టం ఉండదు. దేశమంతా ఒకటే.

స్కానింగ్ సెంటర్ బోర్డు రేపిన అయోమయం

మూడేళ్ల క్రితం మా పిన్ని కూతురితో కలిసి ఒక స్కానింగ్ సెంటర్‌కు వెళ్లాను. గోడ మీద పెద్ద బోర్డు ఉంది. "ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు. అది శిక్షార్హమైన నేరం." పక్కన కూర్చున్న పెద్దావిడ దాన్ని కూడబలుక్కుని చదివి, "అంటే అబార్షన్ చేస్తే జైలే కదమ్మా" అంది. లోపలికి వెళ్లే ముందు మా చెల్లి కూడా నన్ను అదే అడిగింది. తను డిగ్రీ చదివింది.

అవి రెండూ వేర్వేరు చట్టాలు. లింగ నిర్ధారణను నిషేధించింది 1994 చట్టం. అది స్కానింగ్‌లో ఆడా మగా చెప్పడాన్ని నేరం చేస్తుంది. ఎంటీపీ చట్టం గర్భవిచ్ఛిత్తిని కొన్ని షరతుల మీద అనుమతిస్తుంది. ఆడపిల్లని తెలిసి తీయించడం నేరమే, అందులో సందేహం లేదు. కానీ మొదటి చట్టం బోర్డుల రూపంలో ప్రతి గోడ మీదా కనిపిస్తుంది, రెండోది ఎక్కడా కనిపించదు. అందుకే అబార్షన్ అంటేనే నేరమని జనం మనసులో పడిపోయింది. ఆ భ్రమ వల్ల ఆడవాళ్లు డాక్టరు దగ్గరికి కాకుండా, ఏ చీటీ లేకుండా మాత్రలిచ్చే దుకాణానికి వెళుతున్నారు. ఎక్కువ రక్తం పోయాక గానీ ఆస్పత్రి గుమ్మం ఎక్కడం లేదు.

ఇద్దరు పిల్లల నిబంధన: 30 ఏళ్ల కథ

1994 పంచాయతీరాజ్ చట్టంలోని 19వ సెక్షన్, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులని చెప్పింది. మున్సిపాలిటీలకూ ఇలాంటి నిబంధనే ఉండేది. చట్టం 1994 మే 30న అమల్లోకి వచ్చింది, ఏడాది గడువిచ్చింది.

లెక్క ఇలా ఉండేది. ఒకామెకు 1993 నాటికే నలుగురు పిల్లలు, ఆ తర్వాత ఎవరూ పుట్టలేదు: ఆమె అర్హురాలే. ఇంకొకామెకు మూడో బిడ్డ 1995 ఫిబ్రవరిలో, అంటే గడువులోపలే పుట్టాడు: ఆమె కూడా అర్హురాలే. మా మేనత్తలా మూడో బిడ్డ 1998లో పుడితే అనర్హురాలు. మరి ఆ బిడ్డను పిల్లల్లేని తమ్ముడికి దత్తత ఇచ్చేస్తే? అయినా అనర్హతే. హర్యానా నుంచి వచ్చిన జావేద్ కేసులో 2003లో సుప్రీంకోర్టు ఈ సంగతి చెప్పింది. నిబంధనే రాజ్యాంగ విరుద్ధం కాదనీ తీర్పునిచ్చింది.

ఈ నిబంధన ఎమ్మెల్యేలకు గానీ ఎంపీలకు గానీ ఎన్నడూ వర్తించలేదు. వార్డు మెంబరుకు ఉన్న షరతు శాసనసభ్యుడికి లేదు.

దీనివల్ల జనాభా తగ్గిందా? ఆంధ్రలో సంతానం తగ్గిన మాట నిజమే. కానీ నిబంధన లేని తమిళనాడు, కేరళల్లోనూ తగ్గింది. ఆడపిల్లల చదువు, పెళ్లి వయసు పెరగడం, పసిపిల్లల మరణాలు తగ్గడం వంటివి అసలు కారణాలు. మరోవైపు, మాజీ ఐఏఎస్ అధికారిణి నిర్మలా బుచ్ ఆంధ్రప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల్లో జరిపిన అధ్యయనంలో ఈ నిబంధన వల్ల భార్యల్ని వదిలేయడం, బిడ్డ తనది కాదనడం, గర్భం తీయించడం వంటివి బయటపడ్డాయి. దెబ్బ పడింది ఎక్కువగా ఆడవాళ్ల మీద, పేదల మీద. నిబంధన పెట్టినవాళ్ల ఉద్దేశం అది కాకపోవచ్చు. ఎందర్ని కనాలో తన చేతిలో లేని స్త్రీకి అదే కారణంతో పదవి నిరాకరిస్తే ఇంకేం జరుగుతుంది?

2024 నవంబరులో రాష్ట్ర శాసనసభ సవరణ బిల్లులు ఆమోదించి ఈ నిబంధనను తొలగించింది.

వద్దన్న ప్రభుత్వమే కనమంటే

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం సంతాన రేటు 1.7. అంటే నూరుమంది స్త్రీలు జీవితకాలంలో సగటున 170 మంది పిల్లల్ని కంటున్నారు. ఒక తరం స్థానంలో మరో తరం సరిసమానంగా నిలబడాలంటే 210 మంది కావాలి. అందుకే 2.1ని భర్తీ స్థాయి అంటారు. 1997లో జనాభా విధానం తెచ్చి చిన్న కుటుంబాలను ప్రోత్సహించిన చంద్రబాబు నాయుడే 2024లో ఎక్కువమందిని కనమన్నారు. పనిచేసే చేతులు తగ్గి వృద్ధులు పెరుగుతారన్నది ఆయన ఆందోళన. జనాభాను బట్టి చేసే పార్లమెంటు సీట్ల పునర్విభజనలో దక్షిణాదికి నష్టం జరుగుతుందన్న భయం కూడా దీని వెనుక ఉంది. ఆందోళనలో నిజం లేకపోలేదు. మా ఊళ్లో కుర్రాళ్లంతా హైదరాబాదు, చెన్నై వెళ్లిపోయి వీధుల్లో ముసలివాళ్లే కనిపిస్తున్నారు.

అయితే నిబంధన తీసేయడం వేరు, కనమని తొయ్యడం వేరు. మొదటిది శిక్షను తొలగించింది, దాంతో నిర్ణయం మళ్లీ ఇంటికి చేరింది. రెండోది సాయం రూపంలో ఉంటే ఒకలా, ఒత్తిడి రూపంలో ఉంటే ఇంకోలా ఉంటుంది. ప్రసూతి సెలవును పిల్లల సంఖ్యతో ముడిపెట్టకుండా ఇవ్వడం సాయం. తమిళనాడు ఉపాధ్యాయురాలు ఉమాదేవి కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు ప్రసూతి సెలవు కూడా పునరుత్పత్తి హక్కుల్లో భాగమేనంది. కానీ అత్తగారు, భర్త కలిసి "మంత్రులే కనమంటున్నారు" అని కోడలి మీద ఒత్తిడి తెస్తే అది ఏ లెక్కలోకి వస్తుంది? పైగా కేంద్రం ఇచ్చే మాతృవందన సాయం మొదటి కాన్పుకు 5 వేలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6 వేలు. మూడో కాన్పుకు ఏమీ లేదు. వేదిక మీది మాటకూ, పథకాల లెక్కకూ ఇంకా పొత్తు కుదరలేదు.

ఇంకో సంగతి. అదే సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లైన స్త్రీలలో పదిమందికి దాదాపు ఏడుగురు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారు. దేశ సగటు 38 శాతం. మగవాళ్లలో చేయించుకున్నది నూటికి ఒక్కరు కూడా లేరు. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, ఎక్కువ శాతం మగవాళ్లకే. ఆ బలవంతం తర్వాత మగవాళ్ల ఆపరేషన్ పేరెత్తడానికే నాయకులు జంకారు. భారమంతా ఆడవాళ్ల మీదికి వచ్చింది. ఇద్దరు పుట్టగానే పాతికేళ్లు నిండకుండానే ఆపరేషన్ అయిపోయిన స్త్రీకి "మూడో బిడ్డను కను" అనే పిలుపు అసలు వర్తించదు కూడా.

నాయకుడి రికార్డు ఎక్కడుంటుంది

అమెరికాలో ఒక శాసనసభ్యుడు ముఖ్యమైన బిల్లులకు ఏమని ఓటేశారో చాలావరకు పేరుతో సహా దొరుకుతుంది. మన దగ్గర ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతో గట్టెక్కుతాయి. "సరే" అన్నవారు, "వద్దు" అన్నవారు అని గొంతులను బట్టి తేలుస్తారు, పేర్లు నమోదు కావు. 2021లో ఎంటీపీ సవరణ బిల్లును రాజ్యసభ అలాగే ఆమోదించింది. సెలెక్ట్ కమిటీకి పంపాలన్న ప్రతిపాదన వీగిపోయింది. పైగా 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం పార్టీ విప్‌ను, అంటే ఇలాగే ఓటేయాలన్న ఆదేశాన్ని, ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. కాబట్టి ఓటు ఒక్కదాన్ని పట్టుకుని మన ఎంపీ మనసు చదవలేం.

మిగిలేవి ఆయన లేదా ఆమె సభలో చేసిన ప్రసంగాలు, అడిగిన ప్రశ్నలు, పెట్టిన ప్రైవేటు బిల్లులు, కమిటీల్లో చేసిన పని. అవి సభా రికార్డుల్లో ఉంటాయి. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడినే తీసుకుందాం. శానిటరీ నాప్కిన్లపై జీఎస్టీ తీసేయాలని, నెలసరి ఆరోగ్యం గురించి చదువులో చెప్పాలని గొంతెత్తిన కొద్దిమంది పురుష ఎంపీల్లో ఆయన ఒకరు. 12 శాతం ఉన్న ఆ పన్నును 2018 జూలైలో జీఎస్టీ మండలి తొలగించింది. ఆ నిర్ణయం ఒక్కరి వల్ల వచ్చింది కాదు, దేశమంతా మహిళలు పోరాడారు. 2021 బడ్జెట్ సమావేశాలప్పుడు భార్య కాన్పు కోసం పితృత్వ సెలవు కావాలని ఆయన స్పీకర్‌ను కోరారు. బిడ్డ పెంపకంలో తండ్రికీ వంతుందని పదిమందీ వినేలా చెప్పడం చిన్న విషయం కాదు. ఇవి అబార్షన్ చట్టం మీద ఆయన వైఖరి ఏమిటో చెప్పవు. ఒక రికార్డు నుంచి అది చెప్పినంతే తీసుకోవాలి.

విజయనగరం ఎంపీ ప్రకటననూ ఇలాగే చూడవచ్చు. నాయకుడి మాట, ప్రభుత్వ జీవో, సభ చేసిన చట్టం మూడూ మూడు మెట్లు. సొంత జీతంలోంచి ఇస్తానన్నది మాట, అది ప్రభుత్వ పథకం కాదు, ఎవరూ హక్కుగా అడగలేరు. ఆడపిల్లకు డబ్బు దాచడం మంచిదేనని కొందరు మెచ్చుకున్నారు. ఆడపిల్లకు ఒకటి, మగపిల్లాడికి ఒకటి ఎందుకని కొందరు అడిగారు. బిడ్డను పెంచే పాతికేళ్ల ఖర్చు ముందు ఆ కానుక ఎంత అన్నవాళ్లూ ఉన్నారు. ముగ్గురి మాటలోనూ పస ఉంది.

కొండ దారిలో చట్టం

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది ఇంకొకటి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, సాలూరు కొండలు 2022 దాకా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనివే, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. నొప్పులొచ్చిన గర్భిణిని రెండు కర్రలకు దుప్పటి కట్టి డోలీలో మోసుకొస్తున్న ఫొటోలు మనందరం చూశాం. రోడ్డు దాకా వస్తేనే 108. ఆ కష్టం తెలిసిన అధికారులు సాలూరులో కొండ గ్రామాల గర్భిణులకు వసతి గృహం పెట్టారు. నెలలు నిండగానే కిందికి వచ్చి, కాన్పయ్యే దాకా అక్కడే ఉండవచ్చు. సాలూరు ఎమ్మెల్యే గుమ్మిడి సంధ్యారాణి ఇప్పుడు స్త్రీ శిశు సంక్షేమం, గిరిజన సంక్షేమం రెండూ చూసే మంత్రి. విజయనగరంలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 108 ఒక ప్రభుత్వం తెచ్చింది, తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ మరో ప్రభుత్వం తెచ్చింది. రోడ్డు, అంబులెన్సు, డాక్టరు ఈ మూడూ లేనిచోట 20 వారాలన్నా 24 వారాలన్నా కాగితం మీది అంకెలే.

ఎమ్మెల్యే పనితీరు ఎక్కువగా తేలేది అక్కడే. సభలో నక్షత్ర గుర్తు ప్రశ్నగా తన నియోజకవర్గంలో ఎన్ని ఆస్పత్రుల్లో ఎంటీపీ సేవ అందుతోంది, గైనకాలజిస్టు పోస్టులు ఎన్ని ఖాళీ, భర్త సంతకం ఎందుకు అడుగుతున్నారు అని అడిగితే మంత్రి జవాబు చెప్పాలి, అది అచ్చులో మిగులుతుంది.

కవిటి మండలంలోని ఆమె దగ్గరికి మళ్లీ వద్దాం. గర్భవిచ్ఛిత్తికి ముందు ఆస్పత్రి ఆమెతో నింపించాల్సిన సమ్మతి పత్రం పేరు ఫారం సి. ఒక్క పేజీ కూడా ఉండదు. పేరు, ఫలానావారి కుమార్తె లేదా భార్య, వయసు, శాశ్వత చిరునామా, ప్రస్తుతం ఉంటున్న చోటు, ఫలానా ఆస్పత్రిలో గర్భం తీయించుకోవడానికి నా సమ్మతి తెలుపుతున్నాను అనే ఒక వాక్యం. కింద తేదీ, ఊరు, సంతకం. మైనరైతేనో, మానసిక అనారోగ్యం ఉంటేనో సంరక్షకుల కోసం మరో భాగం. భర్త సంతకానికి ఆ కాగితంలో గడే లేదు.